మూడో రోజు దద్దుర్లు

మూడు రోజులుగా ఆ చేతుల్ని ఎవరూ కడగలేదు.

పోలీస్ స్టేషన్ వెనకగదిలో ఆ పిల్ల రెండు అరచేతులూ బల్ల మీద వెల్లకిలా పెట్టి కూర్చుంది, ఎవరివో వస్తువులకి కాపలా కాస్తున్నట్టు. అరచేతుల నిండా గాజుపొరలాంటిది అంటుకుని మెరుస్తోంది. వేళ్ళు ముడిస్తే ఆ పొర పగిలి చర్మాన్ని కోస్తోందని ముడవడమే మానేసిందట. భోజనం చెంచాతో తింటోందట. జుట్టు ముడేసుకోవడం కూడా చేతకాక, కాపలా ఉన్న ఆడ కానిస్టేబులే వేసిందట.

ఆ చేతులు చూడగానే గుబులమ్మకు గుండె జారింది. ఆమెకు గుండె జారడానికి పెద్ద కారణం అక్కర్లేదు. ఫోన్ మోగితే ఎవరికో ఏదో అయిందనుకుంటుంది. మోగకపోతే, అయింది కానీ తనకు చెప్పడం లేదనుకుంటుంది. కూతురు కాలేజీ నుంచి పావుగంట ఆలస్యంగా వస్తే ఈలోపు మనసులోనే ఆస్పత్రికి వెళ్ళి, డాక్టరు కాళ్ళు పట్టుకుని, ఏడ్చి, ఇంటికి తిరిగొచ్చేస్తుంది. ఆ పేరు ఈ స్టేషన్ కానిస్టేబుళ్ళు పెట్టిందే. కానీ పదకొండేళ్ళుగా ఆమె ప్రైవేటు డిటెక్టివ్‌గా బతుకుతున్నది ఆ గుబులు పుణ్యమానే. మిగతావాళ్ళు ఏమవుతుందిలే అని దాటిపోయే చోట ఆమె, ఏమైనా అయితే, అని ఆగిపోతుంది. ఆగిన చోట చాలాసార్లు ఏదో ఒకటి దొరికింది.

పిల్ల తల్లి బతిమాలితే ఇవాళ వచ్చింది. గోడ గడియారంలో పది ఇరవై అయింది. సంచీలోంచి ఒక నూనె సీసా, సబ్బు, రెండు పాత నూలు గుడ్డలు తీసి వరసగా పెట్టింది. కానిస్టేబులమ్మను బతిమాలి బేసిన్లో గోరువెచ్చని నీళ్ళు తెప్పించింది.

"థిన్నర్ తెచ్చిపెడతానని నేను నిన్ననే అన్నానండీ," అంది కానిస్టేబులమ్మ నొచ్చుకుంటూ. "రెండు నిమిషాల్లో పోయేది. ఈ పిల్లే వద్దంది."

గుబులమ్మ పిల్ల మొహంలోకి చూసింది. "ఎందుకు వద్దన్నావు తల్లీ?"

"మా అమ్మ ఒట్టు వేయించుకుంది పిన్నీ. పనిలో చేరిన రోజున రెసిన్ జిగురు డబ్బా మీద రాసిందంతా కళ్ళజోడు పెట్టుకుని, వేలు పెట్టి, కూడబలుక్కుని చదివింది. థిన్నర్ జిగురుని కరిగించి చర్మంలోకి తోసేస్తుందట కదా."

తోసేస్తుంది. ఆ సంగతి గుబులమ్మకు పుస్తకాల్లోంచి తెలియలేదు. రెండేళ్ళ కిందట ఆమె కూతురు సరదాకి ఇంట్లో తాళంచెవుల బొమ్మలు పోస్తూ, వేళ్ళకంటిన రెసిన్‌ని గోళ్ళరంగు చెరిపే మందుతో తుడిచేసింది. ఆ పూట శుభ్రంగా పోయింది. మర్నాడూ ఏమీ లేదు. మూడో రోజు పొద్దున లేచేసరికి మోచేతుల దాకా దద్దుర్లు, నీటిపొక్కులు. కళ్ళు తెరవలేనంత వాపు. కూతురికి ఇప్పటికీ రెసిన్ వాసన తగిలితే చాలు, మెడంతా కందిపోతుంది. ఒక్కసారి ఒంటికి పడకపోతే ఇక జన్మంతా పడదని చర్మం డాక్టరు చెప్పాడు. ఆయన చెప్పింది గుబులమ్మ ఒక్క ముక్క మరిచిపోలేదు. పచ్చిగా ఉన్నప్పుడే పొడిగుడ్డతో తుడిచెయ్యాలి, రుద్దకూడదు. తర్వాత నూనె రాసి, సబ్బుతో కడగాలి. గట్టిపడిపోతే మాత్రం బ్లేడుతో గీకడం, గోటితో పీకడం పనికిరాదు. నానబెట్టి, నూనె పట్టించి, ఓపిక పట్టాలి. వచ్చినంత వస్తుంది, రానిది రెండుమూడు రోజుల్లో చర్మమే వదిలేస్తుంది.

పిల్ల చేతుల్ని నీళ్ళలో నానబెట్టింది. పది నిమిషాలయ్యాక తుడిచి, పొర అంచుల కింద నూనె చుక్కలు చుక్కలుగా పోస్తూ ప్రశ్నలు మొదలుపెట్టింది.

చెక్కదుంగల మధ్య ఖాళీల్లో ఎపాక్సీ రెసిన్ నింపి బల్లలు చేసే షెడ్డు అది. ఈ పిల్ల అచ్చులు పోస్తుంది. సోమవారం భోజనాల వేళ, రెసిన్ మందులు కలిపే గదిలో యజమాని చచ్చిపోయి దొరికాడు. ఉబ్బసం మనిషి. గదిలో థిన్నర్ డబ్బా బోర్లాపడి ఉంది. ఆవిర్లు బయటికి లాగే ఫ్యాను స్విచ్చి తలుపు బయట ఉంటుంది, దాన్ని ఎవరో ఆపేశారు. బయటి గడియ వేసి, అది కదలకుండా దాని సందులో రెసిన్ పోశారు. ఆయన ఫోన్ బయట చార్జింగులో ఉంది. ఒంటిగంటకి అందరూ వెనక వరండాలోకి భోజనాలకి వెళ్ళారు. ఒకటి నలభై అయిదుకి తిరిగొచ్చి చూస్తే గడియ రాయిలా బిగుసుకుపోయి ఉంది. తలుపు పగలగొట్టేసరికి రెండు దాటింది.

"నువ్వు భోజనానికి వెళ్ళలేదేం?"

"పోత మధ్యలో ఉంది పిన్నీ. ఆపితే బల్ల మీద గీత పడుతుంది. మాస్కు పెట్టుకుని, హీటరు ఫ్యాను వేసుకుని పోస్తున్నా. ఆ హోరులో ఏమీ వినబడదు." భుజంతో కళ్ళు తుడుచుకుంది. "ఆయన తలుపు కొట్టే ఉంటాడు కదా పిన్నీ? నేను ఇరవై అడుగుల దూరంలో ఉన్నాను."

గుబులమ్మ పొర అంచున ఇంకో చుక్క నూనె పోసింది. జవాబు చెబితే తనే ఏడుస్తుంది. సోమవారం పొద్దున యజమానితో గొడవేమిటని అడిగింది. గొడవ కాదట. వచ్చే నెల నుంచి షోరూములో కూర్చోమన్నాడట ఆయన. జనంతో మాట్లాడటం తన వల్ల కాదు, పోత పనే కావాలని ఈ పిల్ల మొండికేసిందట. గొంతులు లేచాయి, నలుగురూ విన్నారు, ఇన్‌స్పెక్టర్ దాన్నే గొడవని రాసుకున్నాడు. పోస్తుండగా గ్లౌజులు చిరిగి చేతులకి జిగురంటింది. పొడిగుడ్డతో తుడుచుకోబోతుంటే పోలీసులొచ్చి, సాక్ష్యం, ముట్టుకోవద్దన్నారు.

"గడియలో పోసింది అయిదు నిమిషాల్లో గట్టిపడే రకం. అది ఎవరి దగ్గరుంటుంది?"

"నా సొరుగులోనే. రెండు చిన్న సీసాలు." పిల్ల కళ్ళు దించుకుంది. "నేనే ఇచ్చాను పిన్నీ."

నూనె పోస్తున్న చెయ్యి ఆగిపోయింది.

పన్నెండు నలభైకి, పెద్ద బకెట్లో రెసిన్ కలుపుతోందట. మూడు వందలు లెక్కపెట్టేదాకా కలపాలి, మధ్యలో తల ఎత్తినా, మాట్లాడినా లెక్క తప్పుతుంది. నూట ఎనభై దాటాక పక్కనుంచి ఒక చెయ్యి వచ్చింది. వేలు సొరుగు వైపు చూపించింది. తీసుకోమన్నట్టు ఈ పిల్ల మోకాలితో సొరుగుని తెరిచింది. షెడ్డులో రోజుకి పదిసార్లు జరిగే పనే.

"మొహం చూడలేదా?"

"లేదు. చెయ్యే చూశాను. వేలికి ఉంగరం ఉంది. మా షెడ్డులో ఎవరూ ఉంగరం పెట్టుకోరు కదా, జిగురు దాని కిందకి దూరితే చర్మం ఊడిపోతుంది. అందుకే వింతగా అనిపించింది. లెక్క మరిచిపోతానేమోనని తల ఎత్తలేదు."

"ఇన్‌స్పెక్టర్‌గారికి చెప్పావా ఈ మాట?"

చెప్పిందట. ఆయన రాసుకోలేదు. పైగా నిన్న షెడ్డుకి సంబంధించిన వాళ్ళందరినీ, షోరూము చూసే యజమాని బావమరిదితో సహా, స్టేషన్‌కి పిలిచి, గోడవారగా నిలబెట్టి, ఈ అమ్మాయి ఉంగరం చెయ్యిని చూసిందట, ఎవరిదో కాస్త ముందుకు రండి, అని నవ్వాడట.

గుబులమ్మ తలుపు వైపు చూసింది. ఉంగరం చెయ్యి ఆ గోడవారగానే నిలబడి ఉంటుంది. విని ఉంటుంది. ఈ పిల్లకి మొహం గుర్తులేదన్న సంగతి మాత్రం దానికి తెలియకపోవచ్చు.

అప్పుడే కుడి అరచేతి మీద పొర అంచు లేచింది. లాగలేదు. అంచు కింద నూనెవేలు నెమ్మదిగా జరుపుకుంటూ పోయింది. పొర అరచెయ్యంత ముక్కగా, నొప్పి లేకుండా ఊడివచ్చింది. పైవైపు కాగితపు పీలిక ఒకటి అంటుకుని ఉంది. తిప్పి వెలుతురుకి పెట్టింది. చేతిరేఖలన్నీ అచ్చుపడిన ఆ గాజుపొర లోపల, నీలం సిరాతో ఒక మాట స్పష్టంగా కనిపించింది.

తెలియదు.

"ఏం మేడమ్, నా స్టేషన్‌లో బ్యూటీ పార్లర్ తెరిచారా?"

గుమ్మంలో ఇన్‌స్పెక్టర్. ఇస్త్రీ మడత చెదరని మనిషి. గుబులమ్మ కంటే పదిహేనేళ్ళు చిన్న. ఆమె కనిపెట్టిన రెండు కేసుల్లో తన ఫొటో పత్రికల్లో వేయించుకుని, మూడో కేసులో ఆమె గుమ్మం తొక్కకుండా చూసుకున్నాడు.

"సాక్ష్యాన్ని నూనె పెట్టి కడిగేస్తున్నారు. మీ మీద కూడా కేసు రాయొచ్చు నేను."

నమూనాలు సోమవారమే తీసుకున్నారు కదా సార్, అని గుబులమ్మ నెమ్మదిగా అంది. లేచి నిలబడింది కూడా. ఆ పిల్ల వాంగ్మూలం ఎన్నింటికి రాయించుకున్నారో చెప్పమంది.

"మూడూ పదికి. పైన టైము వేసి ఉంటుంది. నేను వేస్తాను, అందరిలా కాదు."

"ఆ కాగితం కింద మూల చిరిగి ఉంటుంది. ఒకసారి చూడండి."

ఆయన చూడననే అనబోయాడు. కానిస్టేబులమ్మ అప్పటికే ఫైలు తీసింది. కాగితం మూల చిరిగి ఉంది. చివరి వాక్యంలో 'నాకేమీ' దాకా ఉంది, తర్వాత లేదు. గుబులమ్మ ఆ పొరని పక్కన పెట్టింది. వాక్యం పూర్తయింది.

ఇన్‌స్పెక్టర్ ఒంగి ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాడు.

"గడియలో పోసింది అయిదు నిమిషాల రకం. ఒకటి నలభై అయిదుకి సుత్తితో కొట్టినా కదల్లేదని మీరే రాశారు," అంది గుబులమ్మ. "ఈ పిల్ల చేతిది మూడూ పదికి కూడా కాగితం అంటుకునేంత పచ్చిగా ఉంది. ఒక రోజంతా పట్టే రకం. ఇది బల్లలో పోసేది సార్. గడియలోది కాదు."

"రెండూ అంటుకుని ఉండొచ్చు."

"ఉంటే ముందు అంటింది అడుగున రాయిముక్కలా తగలాలి. పొర మొత్తం ఇదిగో, ఎక్కడా గింజంత గరుకు లేదు. ల్యాబుకి పంపండి, నా మాట నమ్మొద్దు."

ఇన్‌స్పెక్టర్ దవడ బిగిసింది. ఉంగరం సంగతి అందరిలో చెప్పడం తప్పు అని కూడా ఆమె అనేసింది. అది అనకుండా ఉండాల్సింది. మీకు పనీపాటా లేక రోజంతా భయపడుతూ కూర్చుంటారు, మాకు ఆ తీరిక లేదు, అన్నాడాయన. అయినా కాగితం మీది టైము తనదే. మింగలేడు, కక్కలేడు. చివరికి, ఎవరైనా పెద్దమనిషి పూచీ సంతకం పెడితే ఇంటికి పంపిస్తాను, పిలిచినప్పుడల్లా రావాలి, అని ఫైలు మూసి వెళ్ళిపోయాడు.

బయట బెంచీ మీద పిల్ల తల్లి ఉంది. బట్టలు కుడుతుంది. మూడు రోజులుగా అక్కడే కూర్చుని, చేతులు ఊరుకోక కొంగు అంచుని కుట్టి, విప్పి, మళ్ళీ కుడుతోంది. సంగతి విని గుబులమ్మ రెండు చేతులూ పట్టుకుంది.

"సంతకానికి నాకు తెలిసినాయన ఉన్నారక్కా. నిన్ననే నంబరిచ్చారు, ఎంత అవసరమైనా చెయ్యమన్నారు. నువ్వు నీ పని చూసుకో."

పిల్లని ఒక్క నిమిషం ఒంటరిగా వదలొద్దని, ఇంటికెళ్ళగానే తలుపులేసుకోమని, తను వచ్చేదాకా ఎవరికీ తియ్యొద్దని గుబులమ్మ మూడుసార్లు చెప్పింది. మెట్లు దిగాక వెనక్కి వచ్చి నాలుగోసారి చెప్పింది. మిగిలిన చేతిపొర తనంతట ఊడేదాకా ముట్టుకోవద్దని కూడా చెప్పింది. ప్రపంచంలో ఉన్నవీ లేనివీ అన్నింటి గురించీ గుబులుపడే మనిషి, ఆ తెలిసినాయన ఎవరని మాత్రం అడగలేదు.

పన్నెండింటికి షెడ్డు చేరింది. గేటు దగ్గర కాపలా కానిస్టేబుల్ లేడు. పదకొండింటికి ఎత్తేశారట. పని ఆగిపోయినా, సగంలో ఉన్న బల్లలకి దుమ్ము పట్టకుండా చూసుకోవడానికి పాలిష్ పెద్దాయన ఒక్కడే వస్తున్నాడు. గడియ మీద సుత్తి వేసింది ఆయనే. ఆ సుత్తి దెబ్బలు చెవుల్లో మోగుతూనే ఉన్నాయని చెప్పాడు.

మందుల గదికి సీలు ఉంది. గుబులమ్మ బయటినుంచే గడియని చూసింది. తేనెరంగు ముద్ద, సందులోంచి పొంగి కిందికి మూడు చారలుగా జారి గట్టిపడింది. చారల పక్కన తలుపు మీద ఒక మచ్చ ఉంది, వేళ్ళతో అద్దినట్టు. కంగారులో పోశాడు. ఒలికించుకున్నాడు. అయిదు నిమిషాల రకం, ఒలికితే చేతి మీదే బిగుసుకుంటుంది.

"మీ చేతులు చూపించు బాబాయ్."

పెద్దాయన చాపాడు. మొద్దుబారిన, పగుళ్ళు తేలిన చేతులు. ముప్పై ఏళ్ళుగా థిన్నర్‌తోనే కడుగుతున్నాడట. షెడ్డులో మగాళ్ళందరిదీ అదే అలవాటు. నూనె, సబ్బు పట్టుకుని గంటసేపు కూర్చునే ఆ పిల్లని పెళ్ళికూతురని ఆటపట్టించేవాళ్ళట. గుబులమ్మ ఊరుకోలేక పాఠం మొదలుపెట్టింది. ఆయన నవ్వాడు. "ఈ చర్మంలోకి ఇంకేం దూరుతుందమ్మా, లోపల ఖాళీ ఉంటేగా."

పగుళ్ళు పాతవి. కొత్త గాయం లేదు, ఉంగరం గుర్తు లేదు. మిగిలిన నలుగురు పనివాళ్ళవీ నిన్న గోడవారగా నిలబెట్టినప్పుడు చూశానని, ఎవరి చేతుల మీదా కొత్తగా ఏమీ లేదని చెప్పాడు.

"సోమవారం భోజనాల వేళ మీరంతా ఎక్కడ కూర్చున్నారు?"

వెనక వరండాలో, కుళాయి చుట్టూ. చేతులు కడుక్కునే చోటు అదొక్కటే. ఒంటిగంట నుంచి ఒకటి నలభై అయిదు దాకా ఆ కుళాయి దగ్గరికి బయటివాళ్ళెవరూ రాలేదు.

గుబులమ్మ మనసు గబగబా పరిగెత్తింది. ఆ చేతులతో వాడు జనంలోకి రాలేడు. ఎక్కడో కడుక్కున్నాడు. కడుక్కోవడం కాదు, గీక్కున్నాడు.

"ఇంకెక్కడా నీళ్ళు లేవా బాబాయ్?"

"షోరూములో ఒక బాత్‌రూము ఉంది. అది మేము వాడం. తుడిచే ఆవిడ కూడా సోమవారం నుంచి రాలేదు, పోలీసులంటే భయం." నడుముకున్న గుత్తిలోంచి తాళంచెవి తీశాడు. షెడ్డుకి ముందు భాగంలో అద్దాల గది ఆ షోరూము. వెనక మూల చిన్న తలుపు, బయటికి గడియ, పక్కనే స్విచ్చులు. ఆయన లైటూ ఫ్యానూ వేశాడు. పైన గోడలో బిగించిన చిన్న ఫ్యాను గరగరమంటూ తిరిగింది. ఒంటిగంట కావస్తోంది, రెండు ముద్దలు తిని వస్తానని గుత్తి తలుపుకే వదిలేసి వెనక్కి వెళ్ళాడు.

వాష్‌బేసిన్ కింద మూతబుట్ట ఉంది. మూత తీయగానే వాసన ముక్కులో గుచ్చింది. థిన్నర్. గ్లౌజులు తొడుక్కుని, కొంగు ముక్కుకి కట్టుకుని, ఒక్కొక్కటీ తీసి కాగితం మీద పరిచింది. థిన్నర్ పీల్చి ఎండి బిరుసెక్కిన చేతిరుమాలు. రక్తం చార ఉన్న బ్లేడు. రెండు చిన్న సీసాలు, మూతల్లేకుండా. తేనెరంగు పెచ్చులు, గోరంతవి, చర్మం గీతలు అచ్చుపడినవి.

అడుగున ఇంకొకటి దొరికింది. అర్ధచంద్రంలా వంగిన పెచ్చు. లోపలివైపు వేలి ముడతలు. మధ్యలో వెడల్పాటి గాడి, రెండు పక్కలా సన్నటి చుక్కల వరస. ఉంగరం అంచు నగిషీ.

ఆ గాడిని గుబులమ్మ వెలుతురుకి పెట్టి చూసింది. ఆ పిల్ల కళ్ళు దించి చూసిన ఉంగరం ఇదే. షెడ్డు మనిషి కాదు. షెడ్డు మనిషైతే ఉంగరం తీసి జేబులో వేసుకుని జిగురు ముట్టుకునేవాడు. ఉంగరంతో ముట్టుకుని, ఒలికించుకుని, కడగడం చేతకాక, పనివాళ్ళు థిన్నర్ వాడటం దూరంనుంచి చూసి, తనూ అదే పోసుకుని, బ్లేడుతో గీకి, తెగిన చర్మంలోకి ఆ మందంతా తనే ఎక్కించుకున్నాడు. సోమవారం చెయ్యి శుభ్రంగా ఉంటుంది. మంగళవారం గోడవారగా నిలబడ్డప్పుడు జేబులో పెట్టుకుంటే చాలు. బుధవారం మాత్రం దాగదు.

ఇవాళ బుధవారం.

ఈ బాత్‌రూము వాడేది ఒక్కడే. యజమాని బావమరిది. షోరూము ఆయన చేతిలోనే ఉంది. వచ్చే నెల నుంచి అక్కడ ఆయన బదులు ఆ పిల్లని కూర్చోబెడదామని యజమాని అనుకున్నాడు. బావగారు పోయారని నిన్న స్టేషన్‌లో కళ్ళొత్తుకుని, పిల్ల తల్లికి కుర్చీ వేయించింది ఆయనేనని కానిస్టేబులమ్మ మెచ్చుకుంది కూడా.

కాపలా ఎత్తేశారు. ఈ బుట్ట కోసం వాడు ఇవాళే వస్తాడు.

ఫోన్ తీసి ముందు ఇన్‌స్పెక్టర్‌కి చేసింది. ఎత్తలేదు. తర్వాత పిల్ల తల్లికి. రెండో మోతకే ఎత్తింది. గొంతులో మూడు రోజుల తర్వాత నవ్వు వినబడింది.

పన్నెండుంపావుకే సంతకం అయిపోయిందట. ఇంటికొచ్చి పొయ్యి వెలిగించిందట. పిల్ల కోసం నీళ్ళు కాచిందట.

"పిల్ల నీ పక్కనే ఉందా?"

"వస్తుందక్కా. ఆయన కారు వెనక సీట్లో ఏవో చెక్కలున్నాయి, ఒక్కరికే చోటు. నేను బస్సులో వచ్చేశాను. షెడ్డులో దాని సంచీ, బట్టలు ఉన్నాయి కదా, అవి తీసుకుని ఆయనే దింపుతానన్నారు."

"ఎవరాయన?"

"షోరూము సారే అక్కా. ఎంత మంచి మనిషనుకున్నావ్. చెయ్యి మోచేతి దాకా వాచిపోయి, కట్టు కట్టుకుని, ఒంటిచేత్తో కారు నడుపుకుంటూ వచ్చాడు పాపం. వేడినీళ్ళు పడ్డాయట. అంత బాధలోనూ పిల్ల చేతులు చూసి, ఇంకా మిగిలింది, షెడ్డులో థిన్నర్ పెట్టి కడిగిస్తాను, అన్నాడు. థిన్నర్ మాత్రం వద్దని చెప్పాననుకో."

గుబులమ్మ జన్మంతా భయపడినవేవీ ఇంతవరకు జరగలేదు. భయపడటం వల్లనే జరగలేదేమోనని లోలోపల ఒక నమ్మకం. ఇప్పుడు ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకుంది.

"నేను చెప్పింది విను. ఏడవద్దు. ఫోన్ పెట్టేసి స్టేషన్‌కి చెయ్యి. ఇన్‌స్పెక్టర్ ఎత్తేదాకా చెయ్యి. షోరూము బాత్‌రూము అని చెప్పు. ఉంగరం అచ్చు దొరికిందని చెప్పు."

"అక్కా, నా పిల్ల..."

"చెయ్యి ముందు."

ఫోన్ పెట్టేసి, అర్ధచంద్రపు పెచ్చుని రవికెలో దోపుకుంది. లేవబోతుండగా షోరూము ముందు కారు ఆగింది. ఒక తలుపు తీసిన చప్పుడు. రెండో తలుపు. అద్దాల తలుపు తెరుచుకుంది. ఒకటి బరువైన అడుగు, వెనకే చెప్పుల చిన్న అడుగు.

బరువైన అడుగు నాలుగంగలు వేసి ఆగింది. బాత్‌రూము తలుపుకి వేలాడుతున్న తాళంగుత్తిని చూసి ఉంటుంది. తలుపు కింద సందులోంచి లైటు కనిపిస్తూనే ఉంటుంది.

గుబులమ్మ పిడి వైపు చెయ్యి చాచింది. ఆ చెయ్యి చేరేలోగా అవతల గడియ జరిగింది, పెద్ద చప్పుడు కాకుండా, అలవాటైన చేత్తో జరిపినట్టు.

అప్పుడు ఆ పిల్ల గొంతు వినబడింది. అమాయకంగా, కాస్త ఆశ్చర్యంగా. "సార్, ఆ వేలి మీద ఉంగరం గాడి ఉందే, మీకు ఉంగరం ఉండేదా?"

తలుపు అవతల స్విచ్చి టక్కుమంది. గుబులమ్మ నెత్తి మీద తిరుగుతున్న ఫ్యాను గరగరమని రెండు చుట్లు తిరిగి, ఆగిపోయింది.